పశ్చాత్తాపం, జాతుల మధ్య సమాధానం: దక్షిణాఫ్రికా సంఘాల కథ మీద తరచుగా అడిగే ప్రశ్నలు

దక్షిణాఫ్రికాలో డచ్ రిఫార్మ్‌డ్ చర్చి అపార్థైడ్‌ని, అంటే మనుషుల్ని రంగును బట్టి విడదీసే పద్ధతిని, పాపమని ఒప్పుకున్న కథ ఎక్కడ చెప్పినా, అది యూత్ మీటింగైనా ఇంట్లో బైబిల్ స్టడీ అయినా, ప్రశ్నలు దాదాపు అవే వస్తున్నాయి. ఒక్కొక్కరికీ వాట్సాప్‌లో విడివిడిగా టైప్ చేసే బదులు ఒకచోట పెడితే మేలనిపించింది. వరసగా చదవక్కర్లేదు, మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి వెళ్ళిపోండి.

## మొదటి భాగం: అసలేం జరిగింది

అపార్థైడ్ ప్రభుత్వం చేసిన పని కదా, చర్చిని ఎందుకు తప్పు పడుతున్నారు?

చట్టాలు చేసింది ప్రభుత్వమే. 1948లో నేషనల్ పార్టీ గెలిచాక మనుషుల్ని రంగును బట్టి విడదీసే చట్టాలు ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. కానీ ఆ పార్టీ నాయకుడు, ప్రధాని డి.ఎఫ్. మలాన్ ఎవరు? రాజకీయాల్లోకి రాకముందు డచ్ రిఫార్మ్‌డ్ చర్చిలో పాస్టర్. జాతుల మధ్య పెళ్ళిళ్ళు నిషేధించాలని చట్టం రాకముందే ఒత్తిడి తెచ్చినవాళ్ళలో ఆ చర్చి ఉంది, 1949లో ఆ చట్టం వచ్చింది కూడా. అపార్థైడ్‌ని చర్చి విధానం అని చెప్పుకోవచ్చని ఆ చర్చి పత్రికే 1948లో గర్వంగా రాసుకుంది. అంటే చర్చి చూస్తూ ఊరుకోవడం కాదు, ముందు నడిచి దారి చూపించింది. అధికారంలో ఉన్న ఆఫ్రికానర్లలో (ఎక్కువగా డచ్ వలసవాళ్ళ సంతతి తెల్లవాళ్ళు) ఎక్కువమంది ఆదివారం కూర్చునేది ఆ బెంచీల మీదే.

ప్రభువు బల్ల దగ్గరే మనుషుల్ని వేరు చేశారంటారు, అది ఎలా మొదలైంది?

ఈ కథలో నన్ను బాగా ఇబ్బంది పెట్టేది ఇదే, ఎందుకంటే ఎవరూ దీన్ని దుర్మార్గం అనుకుని మొదలుపెట్టలేదు.

1829లో ఆ చర్చి కేప్ ప్రాంతపు సినడ్ (చర్చి ప్రతినిధుల సభ) ముందుకి ఇదే ప్రశ్న వచ్చింది, రంగు తేడా లేకుండా అందరూ కలిసే ప్రభు రాత్రి భోజనం తీసుకోవాలని అప్పుడు స్పష్టంగా తేల్చారు. కానీ కింద సంఘాల్లో గొణుగుడు ఆగలేదు. బానిసలుగా ఉన్నవాళ్ళ పిల్లలతో, ఆ నేల మూలవాసులైన ఖోయ్ జాతివాళ్ళతో ఒకే బల్ల దగ్గర కూర్చోవడం, ఒకే గిన్నెలో తాగడం కొంతమంది తెల్లవాళ్ళకి మింగుడుపడలేదు. 1857లో సినడ్ మళ్ళీ కూర్చుంది. కలిసి ఆరాధించడమే మంచిది, లేఖనానుసారం కూడా అదే అని ముందు రాసుకున్నారు, ఆ తర్వాత 'కొందరి బలహీనత వల్ల' క్రీస్తు పనికి ఆటంకం వచ్చే చోట వేరే భవనంలో ఆరాధన పెట్టుకోవచ్చని ఒక వెసులుబాటు చేర్చారు. బలహీనులంటే ఎవరో చూడండి: అవమానం పడుతున్నవాళ్ళు కాదు, పక్కన కూర్చోలేమన్నవాళ్ళు.

ఆ వెసులుబాటే పాతికేళ్ళలో రివాజైపోయింది. 1881లో మిశ్రమ జాతివాళ్ళ కోసం వేరే 'మిషన్ చర్చి' ఏర్పడింది, తర్వాత నల్లవాళ్ళకి ఒకటి, 1968లో భారతీయులకి ఇంకొకటి. గలతీయులకు రాసిన పత్రిక రెండో అధ్యాయంలో పేతురు అన్యజనుల పక్కనుంచి లేచి వెళ్ళిపోతే పౌలు అందరి ముందూ నిలదీశాడు. 1857లో అలా నిలదీసి ఆపగలిగినవాళ్ళు లేకపోయారు.

బైబిల్లో ఏ వచనాలు చూపించి సమర్థించుకున్నారు?

ఎక్కువగా ఆదికాండం 11, బాబెలు గోపురం. దేవుడే భాషలు తారుమారు చేసి జాతుల్ని చెదరగొట్టాడు కాబట్టి వాళ్ళని మళ్ళీ కలపడం దైవచిత్తానికి వ్యతిరేకం అనేది వాదన. 1974లో ఆ చర్చి ఆమోదించిన నివేదిక కూడా ఇలాంటి వాదనతోనే 'వేరువేరు అభివృద్ధి'ని, అంటే జాతికొకటిగా విడిగా ఉంచే విధానాన్ని, సమర్థించింది. అపొస్తలుల కార్యములు 17:26లో ఉన్న 'నివాసస్థలపు పొలిమేరలు' అనే మాటని పట్టుకున్నారు. అదే వచనం మొదట్లో దేవుడు ఒకని నుండే ప్రతి జాతినీ సృష్టించాడని ఉంది, ఆ సగం దాటేశారు. జనం నోళ్ళలో హాము శాపం కూడా బాగా నలిగింది. ఆదికాండం 9 తీసి చూస్తే శాపం పడింది హాము మీద కాదు, కనాను మీద. నల్లరంగు ప్రస్తావన అసలు లేదు.

అప్పట్లో తెల్ల క్రైస్తవుల్లో ఎవరూ ఎదురు చెప్పలేదా?

చెప్పారు, మూల్యం కూడా చెల్లించారు. బేయర్స్ నౌడే అనే పాస్టర్ సంగతి చూడండి. ఆఫ్రికానర్ పెద్దల రహస్య సంఘం బ్రూడర్‌బాండ్‌లో సభ్యుడు, జోహానెస్‌బర్గ్‌లో పలుకుబడి ఉన్న సంఘానికి కాపరి, ఇంకా పైకి వెళ్ళాల్సిన మనిషి. 1960 మార్చి 21న షార్ప్‌విల్‌లో పోలీసులు కాల్పులు జరిపి 69 మందిని చంపారు. ఆ ఏడాది డిసెంబర్లో జోహానెస్‌బర్గ్‌లోని కాటెస్లోలో చర్చిల సమావేశం జరిగింది, ఆరాధనలో జాతి ఆధారంగా ఎవరినీ బయట ఉంచకూడదని అక్కడ తీర్మానించారు. ప్రధాని వెర్వూర్డ్ కన్నెర్ర చేసేసరికి డచ్ రిఫార్మ్‌డ్ సినడ్‌లు వెనక్కి తగ్గాయి, నౌడే తగ్గలేదు. 1963లో క్రిస్టియన్ ఇన్‌స్టిట్యూట్ పెట్టి, సంఘకాపరి పదవి వదిలేశారు. 1977లో ప్రభుత్వం ఆ సంస్థని మూయించింది, ఆయన మీద 1984 దాకా ఆంక్షలు విధించింది. బహిరంగంగా మాట్లాడకూడదు, ఒకసారి ఒక్కరిని మించి కలవకూడదు. సొంతవాళ్ళు ద్రోహి అన్నారు.

బెల్హార్ ఒప్పుకోలు అంటే ఏంటి?

కేప్‌టౌన్ దగ్గర బెల్హార్ అనే చోట, మిశ్రమ జాతివాళ్ళ మిషన్ చర్చి రాసుకున్న విశ్వాస ప్రమాణం. 1982లో ముసాయిదా, 1986లో ఆమోదం. అదే 1982లో ఒట్టావాలో రిఫార్మ్‌డ్ చర్చిల ప్రపంచ కూటమి అపార్థైడ్‌ని సమర్థించడం దుర్బోధ అని ప్రకటించి, అలన్ బూసాక్‌ని అధ్యక్షుడిగా ఎన్నుకుంది. ఒప్పుకోలులో మూడు విషయాలున్నాయి: సంఘం ఒక్కటిగా ఉండటం, సమాధానపడటం, న్యాయం. దేవుడు ప్రత్యేకంగా దిక్కులేనివాళ్ళ, పేదల, అన్యాయానికి గురైనవాళ్ళ దేవుడనే వాక్యం ఉంది, తెల్ల చర్చిలో చాలామందికి గొంతుకి అడ్డం పడింది ఆ వాక్యమే. మార్క్సిజం వాసన వస్తోందన్నారు. కీర్తన 146 చదివితే అదే వాసన వస్తుంది మరి.

## రెండో భాగం: ఒప్పుకోవడం

1990లో రుస్టెన్‌బర్గ్‌లో ఏం జరిగింది?

మండేలా ఫిబ్రవరిలో జైలు నుంచి వచ్చారు. ఆ ఏడాది నవంబర్లో, దేశంలోని దాదాపు అన్ని రకాల చర్చిల ప్రతినిధులు రుస్టెన్‌బర్గ్‌లో కలిశారు. స్టెల్లెన్‌బోష్ యూనివర్సిటీ వేదాంత ప్రొఫెసర్ విల్లీ యోంకర్ ప్రసంగించాలి. ఆయన పక్కా పండితుడు, ఆవేశంగా మాట్లాడే మనిషి కాదు. ప్రసంగం మధ్యలో ఆగి, అపార్థైడ్ అన్యాయాల్లో తన పాపాన్ని, తన బాధ్యతని ఒప్పుకుంటున్నానని అన్నారు. అక్కడితో ఆపలేదు, తన చర్చి తరఫున, ఆఫ్రికానర్ ప్రజల తరఫున కూడా ఒప్పుకునే సాహసం చేస్తున్నానన్నారు. ఆ మాట అనమని ఆయనకి ఎవరూ అధికారం ఇవ్వలేదు. కేప్‌టౌన్ ఆర్చిబిషప్ డెస్మండ్ టూటూ లేచి వేదిక దగ్గరికి వెళ్ళి, పాపం ఒప్పుకున్నప్పుడు గాయపడినవాళ్ళం క్షమించాలని చెప్పి ఆ ఒప్పుకోలుని అంగీకరించారు.

తర్వాతది ఇంకా ముఖ్యం. డచ్ రిఫార్మ్‌డ్ ప్రతినిధులు యోంకర్ మాటలు తమ మాటలేనని ప్రకటించారు. మాజీ అధ్యక్షుడు పి.డబ్ల్యు. బోతా చర్చి పెద్దకి ఫోన్ చేసి మండిపడ్డాడు. ఇంకోవైపు అదే చర్చి కుటుంబంలోని నల్ల, మిశ్రమ జాతి సంఘాల ప్రతినిధులు చప్పట్లు కొట్టేయలేదు, మాట సరే, చేత చూద్దాం అన్న ధోరణిలో ఉన్నారు. వాళ్ళ జాగ్రత్త నాకు అర్థమవుతుంది. అన్నేళ్ళు పక్క భవనంలో కూర్చోబెట్టింది వాళ్ళనే కదా.

మా తాతలు చేసినదానికి నేనెందుకు పశ్చాత్తాపపడాలి? యెహెజ్కేలు 18 అలా అనడం లేదే!

ఎక్కువసార్లు వచ్చే ప్రశ్న ఇదే. యెహెజ్కేలు 18 చెప్పేది నిజం, తండ్రి దోషానికి కొడుకుని శిక్షించరు. యోంకర్ అడిగింది తనకి శిక్ష వేయమని కాదు. నెహెమ్యా 1:6 కూడా అదే బైబిల్లో ఉంది: 'నేనును నా తండ్రి యింటివారును పాపము చేసియున్నాము' అంటాడు. నెహెమ్యా విగ్రహారాధన చేసిన దాఖలా ఎక్కడా లేదు. దానియేలు 9 కూడా ఇలాంటి ప్రార్థనే. నిష్కళంకుడని పేరు పడ్డవాడు 'మేము' అని ప్రార్థించాడు, 'వాళ్ళు' అనలేదు.

నేను ఇలా చూస్తాను. తాత తప్పుకి శిక్ష వేరు, తాత తప్పు వల్ల వచ్చింది ఇంకా నా చేతిలో ఉండటం వేరు. 1913 భూముల చట్టం నల్లవాళ్ళకి దేశంలో దాదాపు 7 శాతం భూమి మాత్రమే మిగిల్చింది, 1936లో దాన్ని 13 శాతం దాకా పెంచారు. ఆ మిగతా భూమి మీద పండిన పంటతో చదువుకున్న మనవడు ఎవరినీ కొట్టి ఉండకపోవచ్చు, తిట్టి కూడా ఉండకపోవచ్చు. కానీ పొలం పాస్‌బుక్ తీసుకునేటప్పుడు 'మా తాతది' అని, లెక్క అడిగినప్పుడు 'అది మా తాత సంగతి' అని అంటే కుదరదు. ఆస్తికి వారసులైనవాళ్ళు అప్పుకీ వారసులే, మన కోర్టుల్లో కూడా వచ్చిన ఆస్తి మేరకు అదే లెక్క.

ఇంతా చెప్పి, ఒక జాగ్రత్త. ఎప్పుడూ అపరాధ భావంతో కుమిలిపోవడం పశ్చాత్తాపం కాదు. దానివల్ల బాధితుడికి ఒరిగేదేమీ లేదు, పైగా అతనే మనల్ని ఓదార్చాల్సి వస్తుంది.

'ఎవరికైనా బాధ కలిగితే క్షమించండి' అంటే సరిపోదా?

సరిపోదు. 1996 ఆగస్టులో మాజీ అధ్యక్షుడు ఎఫ్.డబ్ల్యు. డి క్లెర్క్ ట్రూత్ అండ్ రీకన్సిలియేషన్ కమిషన్ (టీఆర్సీ, అపార్థైడ్ నాటి అకృత్యాల నిజాలు బయటికి తీయడానికి పెట్టిన కమిషన్) ముందు అపార్థైడ్ వల్ల కలిగిన బాధకి క్షమాపణ చెప్పారు. ఆ మాట చిన్నదేమీ కాదు. కానీ హత్యలు, చిత్రహింసల దగ్గరికి వచ్చేసరికి అవి ప్రభుత్వ విధానం కాదని, అలాంటివాటికి తాను అనుమతి ఇవ్వలేదని పక్కకి జరిగారు. కమిషన్ ఛైర్మన్ టూటూ ఆ జవాబుకి బాగా నొచ్చుకున్నారు, పైకే చెప్పారు. ఎవరు, ఎవరికి, ఏం చేశారో పేరు పెట్టి చెప్పని క్షమాపణ కంటితుడుపే.

మాజీ మంత్రి పాదాలు కడిగాడట, అది నాటకం కాదని ఎలా నమ్మాలి?

అడ్రియాన్ వ్లోక్ గురించి అడుగుతున్నారు. 1986 నుంచి 1991 దాకా పోలీసు శాఖ చూసిన మంత్రి. ఫ్రాంక్ చికానే అనే నల్లజాతి పాస్టర్, చర్చిల కౌన్సిల్ నాయకుడు. 1989లో భద్రతా విభాగం మనుషులు చికానే బట్టలకి విషం పూశారు. ఆయన చావు అంచు దాకా వెళ్ళారు, అమెరికాలో వైద్యం జరిగినప్పుడు గానీ అది విషమని తేలలేదు. అంతకుముందు ఆయన్ని నిర్బంధించి హింసించినప్పుడు, హింసించినవాళ్ళలో ఒకడు ఆయన సొంత డినామినేషన్‌లోని తెల్ల సంఘంలో డీకన్.

2006 ఆగస్టులో చికానే అధ్యక్ష కార్యాలయంలో ఉన్నతాధికారిగా ఉండగా వ్లోక్ వెళ్ళి కలిశాడు. నీకూ దేవునికీ విరోధంగా పాపం చేశానని చెప్పి, బల్ల మీదున్న గ్లాసు తీసుకుని, సంచిలోంచి ఒక గిన్నె, తువ్వాలు బయటికి తీశాడు. గ్లాసులో నీళ్ళు గిన్నెలో పోసి పాదాలు కడగనివ్వమని అడిగాడు. చికానే మొదట ఇబ్బంది పడి, తర్వాత ఒప్పుకున్నారు. ఆఫీసు గదిలో, కెమెరాలు లేని చోట జరిగింది, చికానే తర్వాత చెప్తేనే బయటికి వచ్చింది.

నాటకమా కాదా అనేది కన్నీళ్ళని బట్టి తేల్చలేం. 2007లో చికానే కేసులో వ్లోక్ కోర్టులో నేరం ఒప్పుకున్నాడు, పదేళ్ళ శిక్ష పడింది, దాన్ని సస్పెండ్ చేశారు. తర్వాతి ఏళ్ళలో టౌన్‌షిప్‌లో, అంటే నల్లవాళ్ళ కోసం ఊరి బయట కట్టిన బస్తీలో, పేదలకి ఆహారం మోసుకెళ్ళి పంచేవాడు. అదే సమయంలో, తనకి తెలిసినదంతా చెప్పలేదని, పైవాళ్ళ పేర్లు దాచిపెట్టాడని అన్న బాధిత కుటుంబాలున్నాయి. 2023లో చనిపోయేదాకా ఆ అసంతృప్తి అలాగే ఉంది. రెండూ నిజమే అయి ఉండొచ్చు: గిన్నె నిజం, దాచిపెట్టినవీ నిజం.

## మూడో భాగం: క్షమించడం

క్షమించకపోతే దేవుడు మనల్ని క్షమించడు కదా, మరి బాధితులు క్షమించి తీరాలి కదా?

మత్తయి 6:15 ఉంది, కాదనను. కానీ ఆ వచనాన్ని దెబ్బ తిన్నవాడు తనకి తాను చదువుకోవాలి, కొట్టినవాడు చదివి వినిపించడం దౌర్జన్యం. అపార్థైడ్‌కి ఎదురు నిలిచిన నల్లజాతి నాయకుడు స్టీవ్ బీకో 1977లో పోలీసు కస్టడీలో చనిపోయారు. టీఆర్సీ ఇచ్చే ఆమ్నెస్టీ (నేరానికి శిక్ష లేకుండా మాఫీ) తమ న్యాయం పొందే హక్కుని లాగేసుకుంటోందని బీకో కుటుంబం 1996లో రాజ్యాంగ న్యాయస్థానానికి వెళ్ళింది, ఓడిపోయింది. వాళ్ళని కఠిన హృదయులు అనడానికి మనమెవరం? మరోవైపు అమీ బీల్ అనే అమెరికన్ అమ్మాయిని 1993లో గుగులేతులో గుంపు చంపితే, ఆమె తల్లిదండ్రులు హంతకుల ఆమ్నెస్టీని వ్యతిరేకించలేదు, వాళ్ళలో ఇద్దరికి కూతురి పేరున్న ఫౌండేషన్‌లో పని కూడా ఇచ్చారు. మొదటివాళ్ళని తిట్టడానికి రెండోవాళ్ళ కథ వాడుకోవద్దు, ప్రసంగాల్లో అది తరచూ జరుగుతోంది.

టీఆర్సీలో సారీ చెప్తే కేసు కొట్టేశారట, నిజమేనా?

కాదు. సారీ చెప్పాలన్న షరతే లేదు. చేసింది పూర్తిగా బయటపెట్టాలి, అది రాజకీయ కారణంతో చేసిందై ఉండాలి, అంతే. పశ్చాత్తాపాన్ని చట్టం కొలవలేదు కాబట్టి వదిలేశారు, నా దృష్టిలో మంచి నిర్ణయం. 7,112 మంది దరఖాస్తు చేస్తే 849 మందికే ఆమ్నెస్టీ వచ్చింది. అసలు చిక్కు తర్వాత వచ్చింది: ఆమ్నెస్టీ రానివాళ్ళ మీద, అడగనివాళ్ళ మీద కేసులు నడపాల్సింది, చాలావరకు నడపలేదు.

చర్చిలు కూడా కమిషన్ ముందుకి వచ్చాయా?

వచ్చాయి. 1997 నవంబర్లో ఈస్ట్ లండన్ నగరంలో మత సమాజాల కోసం ప్రత్యేక విచారణ జరిగింది. డచ్ రిఫార్మ్‌డ్ చర్చి తరఫున ఫ్రీక్ స్వానెపుల్ వచ్చి తమ తప్పుని ఒప్పుకున్నారు. అపార్థైడ్‌ని ఎదిరించాం అని చెప్పుకున్న ఇంగ్లీషు మాట్లాడేవాళ్ళ చర్చిలు కూడా తమ లోపల జీతాల్లో, పదవుల్లో తేడాలు పాటించామని ఒప్పుకోవాల్సి వచ్చింది. న్యాయవ్యవస్థ మీద ఇలాంటి విచారణే పెడితే జడ్జీలు మాత్రం రాలేదు, రాతపూర్వకంగా పంపి ఊరుకున్నారు.

## నాలుగో భాగం: తిరిగి ఇవ్వడం

క్షమాపణ చెప్పారు, క్షమించారు, మళ్ళీ డబ్బు గొడవ ఎందుకు?

దక్షిణాఫ్రికా పాస్టర్లు చెప్పుకునే కథ ఒకటుంది. ఒకడు పక్కింటివాడి సైకిల్ దొంగిలించాడు. కొన్నాళ్ళకి వచ్చి చెయ్యి చాపి, గతం గతః, సమాధానపడదాం అన్నాడు. మరి నా సైకిల్ అని అడిగితే, సైకిల్ మాట ఎందుకు తెస్తావు, మనం మాట్లాడుకుంటోంది సమాధానం గురించి కదా అన్నాడట.

లూకా 19లో జక్కయ్య ఈ ప్రశ్నని ఎవరూ అడగకముందే తేల్చేశాడు. ఆస్తిలో సగం బీదలకి, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు. రక్షణ ఈ ఇంటికి వచ్చిందని యేసు అన్నది ఆ మాట తర్వాతే. దక్షిణాఫ్రికాలో కమిషన్ దాదాపు 22,000 మంది బాధితులని గుర్తించి, ఆరేళ్ళపాటు ఏటా కొంత సొమ్ము ఇవ్వాలని సిఫార్సు చేసింది. ప్రభుత్వం 2003లో ఒక్కసారికి 30,000 రాండ్లు ఇచ్చి చేతులు దులుపుకుంది. ధనికుల మీద, కంపెనీల మీద ప్రత్యేక పన్ను అన్న ఆలోచన కాగితం దాటలేదు. సాక్ష్యం చెప్పడానికి వచ్చి దేశం ముందు ఏడ్చిన తల్లులు అవే రేకుల ఇళ్ళకి తిరిగి వెళ్ళారు. డబ్బు గొడవ అని మనం తేలిగ్గా అనేస్తున్నది దీన్నే.

వేరే దేశాల్లో చర్చిలు ఏమైనా తిరిగి ఇచ్చాయా?

కొన్ని మొదలుపెట్టాయి. అమెరికాలో జెస్యూట్ ఫాదర్లు (ఒక క్యాథలిక్ గురువుల సంఘం) 1838లో 272 మంది బానిసలని అమ్మేశారు, ఆ డబ్బులో కొంత జార్జ్‌టౌన్ కాలేజీ అప్పులకి పోయింది. 2017లో వాళ్ళ వారసుల ముందు నిలబడి క్షమాపణ చెప్పారు, 2021లో వారసులతో కలిసి పెట్టిన ఫౌండేషన్‌కి 10 కోట్ల డాలర్లు సమకూరుస్తామన్నారు. ఇంగ్లండ్ చర్చి తన పాత నిధుల్లో బానిస వ్యాపారపు పెట్టుబడి ఉందని తేలాక 2023లో 10 కోట్ల పౌండ్ల నిధి ప్రకటించింది. వర్జీనియా థియలాజికల్ సెమినరీ 2019లో 17 లక్షల డాలర్లు పక్కన పెట్టింది.

సదరన్ బాప్టిస్టులు 1995లో, తమ 150 ఏళ్ళ పండగలో, బానిసత్వాన్ని సమర్థించినందుకు క్షమాపణ తీర్మానం చేశారు, డబ్బు మాట అందులో లేదు. వాళ్ళు 1845లో విడిపోయిందే బానిసల యజమానులని మిషనరీలుగా పంపొచ్చా అన్న తగువు మీద. అప్పటికి నెల్లూరులో బాప్టిస్టు మిషన్ పెట్టి అయిదేళ్ళే అయింది, ఆ చీలికలో మన నెల్లూరు మిషన్ బోస్టన్ వైపు, అంటే ఉత్తరాది వైపు ఉండిపోయింది.

ఇప్పుడు ఆ తెల్ల చర్చి, నల్ల చర్చి కలిసిపోయాయా?

లేదు. 1994లో నల్ల, మిశ్రమ జాతి చర్చిలు చాలావరకు ఒక్కటై యునైటింగ్ రిఫార్మ్‌డ్ చర్చి అయ్యాయి. తెల్ల చర్చి చేరాలంటే బెల్హార్ ఒప్పుకోలుని అంగీకరించాలన్నారు. తెల్ల చర్చి నాయకత్వం 2010ల్లో సరేనన్నా, ప్రాంతీయ సినడ్‌లలో కావాల్సిన మెజారిటీ రాలేదు. విచిత్రంగా అమెరికాలోని రిఫార్మ్‌డ్ చర్చి 2010లోనే బెల్హార్‌ని తమ ప్రమాణంగా తీసుకుంది. దూరాన ఉన్నవాళ్ళకి సంతకం పెట్టడం సులువు, అక్కడ వాళ్ళకి ఆస్తులు, పాస్టర్ల జీతాలు, ఆరాధన భాష అన్నీ కదపాల్సి వస్తుంది.

## అయిదో భాగం: మన సంగతి

ఈ కథలో తెలుగువాళ్ళు ఎక్కడైనా ఉన్నారా?

ఉన్నారు. 1860 నవంబర్ 16న మద్రాసు నుంచి ట్రురో ఓడ దక్షిణాఫ్రికా తూర్పు తీరంలో, నటాల్ ప్రాంతపు డర్బన్ చేరింది, అది మొదలు 1911 దాకా లక్షన్నర మందికి పైగా భారతీయులు చెరకు తోటల్లో ఒప్పంద కూలీలుగా నటాల్ వెళ్ళారు. అందులో విశాఖ, గోదావరి, కృష్ణా, నెల్లూరు ప్రాంతాల తెలుగువాళ్ళు చాలామంది, కొందరు బాప్టిస్టులు. వాళ్ళ కోసం నెల్లూరు నుంచి తెలుగు బాప్టిస్టులు 1903లో రెవ. జాన్ రంగయ్యని పంపించారు. మన సంఘాలు తమ ఖర్చుతో తమ మిషనరీని సముద్రం దాటించడం ఆ రోజుల్లో మామూలు సంగతి కాదు. ఆ డిసెంబర్లో కెర్స్నీ తేయాకు తోటల్లో తెలుగు బాప్టిస్టు సంఘం మొదలైంది. అపార్థైడ్ వచ్చాక ఆ కూలీల పిల్లలు, మనవలు కూడా 1950 గ్రూప్ ఏరియాస్ చట్టం కింద ఇళ్ళు వదిలి చాట్స్‌వర్త్ లాంటి కాలనీలకి వెళ్ళాల్సి వచ్చింది.

కులం జాతి కాదు కదా, దీన్ని మనకెందుకు అంటగడుతున్నారు?

2001లో డర్బన్‌లోనే జాతి వివక్ష మీద ఐక్యరాజ్యసమితి సదస్సు జరిగింది. కులాన్ని చర్చలోకి తేవాలని దళిత సంఘాలు పట్టుబట్టాయి, కులం జాతి కాదని భారత ప్రభుత్వం అడ్డుకుంది. ఆ వాదన పండితులకి వదిలేద్దాం. సంఘంలో అడగాల్సింది వేరు: పుట్టుకని బట్టి ఒకరి పక్కన ఒకరు కూర్చోకపోవడం, ఒకరి పిల్లని ఒకరు చేసుకోకపోవడం ఉందా లేదా. భారత క్యాథలిక్ బిషప్పుల సమాఖ్య 2016లో దళిత క్రైస్తవుల మీద తెచ్చిన విధాన పత్రంలో, చర్చి లోపల వివక్ష ఉందని రాతపూర్వకంగా ఒప్పుకుంది. 2022లో హైదరాబాద్ ఆర్చిబిషప్ పూల ఆంథోనీ కార్డినల్ అయ్యారు, ఆ స్థానానికి చేరిన మొదటి దళితుడు, మొదటి తెలుగువాడు. సంతోషించాల్సిందే, కానీ 2022 దాకా ఎందుకు పట్టింది అన్న ప్రశ్న కూడా అందులోనే ఉంది.

మా పాస్టర్ గారు 'క్రీస్తులో కులం లేదు, ఆ మాటే ఎత్తొద్దు' అంటారు, ఏం చెప్పాలి?

గౌరవంగా పెళ్ళి సంబంధాల పేజీ చూపించండి. 'ఆర్.సి. రెడ్డి', 'క్రిస్టియన్ మాల', 'క్రిస్టియన్ మాదిగ' అని కాలమ్స్ ఉంటాయి, రక్షణ పొందిన, బాప్తిస్మం తీసుకున్న వధువు కావలెను అని కిందే ఉంటుంది. అయ్యగారికి కోపం వస్తే గుమ్మడికాయల దొంగ సామెత గుర్తు చేయకండి, పరిస్థితి చెడుతుంది.

ఆయన మౌనానికి ఇంకో కారణం కూడా ఉండొచ్చు, దాన్ని తీసిపారేయొద్దు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవులైన దళితులకి ఎస్సీ హోదా ఉండదు, రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ వాళ్ళని బీసీ-సీలో పెట్టారు. కాగితం మీద ఒకటి, ఆదివారం ఒకటిగా బతుకుతున్న కుటుంబాలకి కులం మాట ఎత్తితే పిల్లల సర్టిఫికెట్ మీదికి వస్తుందని టెన్షన్. వాళ్ళని బయటపెట్టే పద్ధతిలో ఈ చర్చ చేయకూడదు.

మా సంఘంలో మొదలుపెట్టాలంటే ఎక్కడ?

క్షమాపణ కార్యక్రమంతో మాత్రం కాదు. ఫ్లెక్సీ, ముఖ్య అతిథి, పాదాలు కడిగే ఫోటో అసలే వద్దు. ముందు పాత రికార్డులు తీయండి: గత ముప్ఫై నలభై ఏళ్ళలో పెద్దలుగా, ట్రెజరర్లుగా ఎవరున్నారు, ఏ ఇళ్ళనుంచి ఎవరూ లేరు. సమాధుల తోటలో ఎవరిని ఏ వరసలో పెట్టారో నడిచి చూడండి. పాస్టర్ గారు ఏ ఇళ్ళలో భోజనం చేస్తారో, ఏ ఇళ్ళలో ప్రార్థన చేసి టీ కూడా తాగకుండా లేస్తారో అందరికీ తెలుసు, ఎవరూ రాయరు, అది రాయండి. తర్వాత, ఇన్నాళ్ళూ వెనక బెంచీల్లో కూర్చున్నవాళ్ళ ఇంటికి వెళ్ళి, ఏం జరగాలని మీరనుకుంటున్నారని అడగండి. వాళ్ళు వెంటనే చెప్పకపోవచ్చు, నవ్వి మాట మార్చేయొచ్చు, మళ్ళీ వెళ్ళండి. ఎప్పుడు, ఎలా, అందరి ముందా విడిగానా అన్నది వాళ్ళే చెప్తారు. బహిరంగ ఒప్పుకోలు అంటూ ఏదైనా ఉంటే దాని తేదీ కమిటీ మీటింగ్‌లో పెట్టకండి, వాళ్ళనే పెట్టమనండి.